చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీకి తిరుపతిలో ప్రింటు చేయించిన ఇంపెల్లర్: బలం సరే, ఆ అంకెలు ఎవరివి?

చిత్తూరులో మాది చిన్న మెషిన్ షాపు. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, ఒక టిగ్ వెల్డింగ్ సెట్టు ఉన్నాయి. నాన్న పెట్టిన షాపును ఇప్పుడు నేను నడుపుతున్నాను. మాకు వచ్చే పనిలో ఎక్కువ భాగం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలదే. పల్పర్ షాఫ్టులు, పంపు స్లీవులు, వాల్వు సీట్లు, అరిగిపోయిన ఇంపెల్లర్లు (పంపు లోపల తిరుగుతూ ద్రవాన్ని నెట్టే చక్రాలు). ఈ ఏడాది తోతాపురి సీజనుకు ముందు ఒక ఇంపెల్లర్‌ను మేము కోసి తయారు చేయలేదు, పోత పోయించనూ లేదు. తిరుపతిలో రేణిగుంట వైపు ఉన్న ఒక మెటల్ త్రీడీ ప్రింటింగ్ సేవ దగ్గర 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు పొడితో ప్రింటు చేయించాము. సీజను ముగిసింది. పంపు విప్పి చూశాను కాబట్టి ఇప్పుడు దాని గురించి రాయగలను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. లోహం బాగుంది, దాని బలం గురించి భయపడాల్సిన పని లేదు. అయితే ప్లేటు కొన్నప్పుడు 316ఎల్ అనే పేరు మీద మనం పెట్టుకునే నమ్మకాన్ని ప్రింటు చేసిన ముక్క మీద అలాగే పెట్టుకోకూడదు. పొరలను ఏ దిశలో పేర్చారు, తర్వాత ఎంత వేడిలో ఉంచారు, పైతలాన్ని ఎలా వదిలారు అనే వాటిని బట్టి ఒకే పొడి నుంచి వేర్వేరు లోహాలు వస్తాయి. అందువల్ల ముక్కతోపాటు ఇచ్చే పరీక్ష కాగితంలోని అంకెలు ఆ ముక్కవే కావాలి. ఈ సేవ నన్ను నిరాశపరిచింది అక్కడే. అడిగిన తర్వాత సరిదిద్దారు గనుక వాళ్ల పేరు రాయడం లేదు.

ఇంపెల్లర్ ఉన్నది సీఐపీ పంపులో. పైపులూ ట్యాంకులూ విప్పకుండా లోపలే కడిగే వ్యవస్థ అది. వేడి కాస్టిక్ సోడా, నీళ్లు, నైట్రిక్ ఆమ్లం, మళ్లీ నీళ్లు, అన్నీ ఈ పంపు గుండానే తిరుగుతాయి. ఇది ఆగితే లైను కడగడం ఆగుతుంది, కడగకపోతే గుజ్జు తీయడం కుదరదు. కోసిన తోతాపురి ఎవరి కోసమూ ఆగదు. గేటు బయట ట్రాక్టర్లు వరుస కడితే రైతుకూ నష్టమే, ఫ్యాక్టరీకీ నష్టమే.

పాత ఇంపెల్లర్ పోత ముక్క. 165 మిల్లీమీటర్ల వ్యాసం, ఐదు వేన్లు (ద్రవాన్ని నెట్టే రెక్కలు), ముందు వైపు తెరిచి ఉండే రకం. ఒక వేన్ మొదట్లోనే విరిగిపోయింది. మిగతా నాలుగింటికీ నీరు ప్రవేశించే అంచుల దగ్గర గుంటలు పడ్డాయి. పంపు లోపల పీడనం పడిపోయినప్పుడు ఏర్పడే ఆవిరి బుడగలు లోహాన్ని కొట్టీ కొట్టీ చేసే గాయాలవి. ఫ్యాక్టరీ ఫిట్టర్ దాన్ని సంచిలో వేసుకుని వచ్చాడు. "అక్కా, స్పేరుకు ఎనిమిది వారాలు పడుతుందంటున్నారు. సీజను సగం అయ్యాక వస్తే దానితో ఏం చేసుకోవాలి?" అన్నాడు.

కోయంబత్తూరులో మంచి పోత పని చేసేవాళ్లు ఉన్నారు. కానీ ఒక్క ముక్క కోసం మైనపు అచ్చు చేయించడం వాళ్లకూ భారం, మాకూ భారం. రాడ్డు నుంచి చెక్కుదామంటే వేన్లు మెలి తిరిగి ఉన్నాయి. దానికి ఐదు అక్షాల మెషిన్ కావాలి, మాది మూడు అక్షాలది. అందుకే ఈ దారి పట్టాము. పాత ముక్కను స్కాన్ చేయించి, విరిగిన వేన్‌ను మిగతా వాటిని బట్టి కంప్యూటర్‌లో తిరిగి గీయించి, ఆ ఫైలు పట్టుకుని తిరుపతికి వెళ్లాను. 70 కిలోమీటర్ల దూరమే కాబట్టి మనుషులతో ముఖాముఖి మాట్లాడవచ్చన్నది నాకు పెద్ద ఆకర్షణ. ఎక్కడో ఉన్న వెబ్‌సైటుకు ఫైలు పంపి ధర తెప్పించుకోవడం కన్నా ఇది ఎంతో మేలని ఇప్పటికీ అంటాను.

అక్కడి ఇంజనీరు అమ్మాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చింది. "మేడమ్, ఇది ఎక్కడ విరిగింది?" పరిమాణం, ధర, తేదీ అన్నీ ఆ తర్వాతే. విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని, వేన్ వెనుక పలకకు అతుక్కునే చోట వేలు పెట్టి చూసింది. అది సరైన చోటు. ఎందుకో చెప్పాలంటే ప్రింటింగ్ ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి.

వాళ్ల మెషిన్‌లో 250 మిల్లీమీటర్ల చదరపు ప్లేటు ఉంటుంది. 15 నుంచి 45 మైక్రాన్ల సైజు గుండ్రటి పొడిని దాని మీద 40 మైక్రాన్ల మందంతో పరుస్తారు. ఆర్గాన్ వాయువు మధ్య లేజర్ ఆ పొరలో కావలసిన చోట్ల మాత్రమే కరిగిస్తుంది. ప్లేటు ఒక పొరంత దిగుతుంది, మళ్లీ పొడి, మళ్లీ లేజర్. మా ఇంపెల్లర్ ఎత్తు 45 మిల్లీమీటర్లు, అంటే 1,125 పొరలు. ధర కూడా ఈ ఎత్తును బట్టే ఎక్కువగా పెరుగుతుంది, బరువు అంత పట్టింపు కాదు. పక్కపక్కనే రెండు ముక్కలు పెట్టించుకుంటే ఒక్కోదాని ఖర్చు తగ్గుతుందని వాళ్లే చెప్పారు.

లేజర్ కరిగించే మడుగు వెంట్రుకవాసి వెడల్పు మాత్రమే ఉంటుంది. చుట్టూ చల్లని లోహం ఉండడంతో అది సెకనుకు లక్ష నుంచి కోటి డిగ్రీల వేగంతో చల్లారుతుంది. పోతలో లోహం నింపాదిగా గట్టిపడుతుంది, రేణువులు పెద్దవిగా పెరుగుతాయి. ఇక్కడ ఆ వ్యవధి లేదు. రేణువు లోపల ఒక మైక్రాన్ కన్నా చిన్న గదులు ఏర్పడతాయి. వాటి గోడల దగ్గర క్రోమియం, మాలిబ్డినం కొద్దిగా ఎక్కువగా చేరతాయి, స్ఫటికంలో పరమాణువుల వరుస తప్పిన చోట్లైన డిస్‌లొకేషన్లు గుంపు కట్టి ఉంటాయి. లోహం సాగడానికి ప్రయత్నించినప్పుడల్లా ఆ గోడలు అడ్డుపడతాయి.

ఫలితం అంకెల్లో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. అనీల్ చేసిన, అంటే బాగా వేడి చేసి మెత్తబరిచిన, 316ఎల్ ప్లేటుకు ప్రమాణం అడిగే కనీస యీల్డ్ బలం (లోహం శాశ్వతంగా సాగడం మొదలుపెట్టే హద్దు) 170 మెగాపాస్కల్. మా పాత ఇంపెల్లర్ లాంటి పోత ముక్కల రకం సీఎఫ్3ఎం, దానికి 205. ప్రింటు చేసి వేడి తగలకుండా వదిలిన 316ఎల్ మామూలుగా 450 నుంచి 550 మధ్య ఉంటుంది. మామూలుగా బలం పెరిగితే సాగే గుణం తగ్గుతుంది. దీనిలో మాత్రం ముక్క దట్టంగా వస్తే సాగుదల 30 శాతానికి పైగానే నిలబడుతుంది. వాళ్ల గోడ మీద ఉన్న చార్టు ఈ అంకెలే చూపిస్తుంది. చూసినవాళ్లు అక్కడే ఆర్డరు ఇచ్చేస్తారు.

నేను అక్కడే కాగితం మీద ఒక లెక్క వేశాను. ఈ పంపు నిమిషానికి సుమారు 2,900 చుట్లు తిరుగుతుంది. 165 మిల్లీమీటర్ల వ్యాసానికి అంచు వేగం సెకనుకు 25 మీటర్లు. పలుచని రింగు లెక్కన చూస్తే, తిరగడం వల్ల లోహం మీద పడే స్ట్రెస్ 5 మెగాపాస్కల్. ఇక 500 మెగాపాస్కల్ యీల్డ్ నాకెందుకు? ఈ ముక్కను విరిచేది ఒకేసారి పడే పెద్ద బరువు కాదు. ప్రతి చుట్టుకూ వేన్ మొదట్లో వచ్చి పోయే చిన్న వంపు, దానికి తోడైన తుప్పు, బుడగల దెబ్బ, బ్యాలెన్సు తప్పిన కంపనం. ఇవన్నీ కలిసి పగులును మొదలుపెడతాయి. కాబట్టి నేను అడగాల్సింది ఫెటీగ్ (పదేపదే పడే బరువుకు లోహం అలసి పగలడం) గురించి, తుప్పు గురించి, వేన్ మొదట్లో ఉన్న లోహం గురించి.

ఆ అమ్మాయి వేలు పెట్టిన చోటు ఇందుకే సరైనది. ఇంపెల్లర్‌ను ప్లేటు మీద వెల్లకిలా పడుకోబెట్టి, వెనుక పలక కింద, వేన్లు పైకి వచ్చేలా ప్రింటు చేయడం సహజమైన పద్ధతి. అప్పుడు సపోర్టులు తక్కువ పడతాయి. కానీ అలా చేస్తే వేన్ మొదలు సరిగ్గా ఒక పొరకు సమాంతరంగా వస్తుంది. వేన్ వంగినప్పుడు ఆ శక్తి పొరలను ఒకదాని నుంచి ఒకటి విడదీసే దిశలో లాగుతుంది. ప్రింటు చేసిన లోహం మామూలుగా వెనకబడేది ఆ దిశలోనే. రెండు పొరల మధ్య పొడి సరిగ్గా కరగకపోతే మిగిలే ఖాళీ పలుచగా, పదునైన అంచులతో, పొర వెంట పడుకుని ఉంటుంది. అడ్డంగా లాగితే దానివల్ల పెద్ద హాని లేదు. నిలువుగా లాగితే అదే పగులుకు తొలి గీత. గ్యాసు బుడగ వల్ల వచ్చే గుండ్రటి రంధ్రం దీని ముందు చాలా నయం.

ముక్కను వంచి ప్రింటు చేయవచ్చు. అయితే వేన్ల కింద సపోర్టులు పెరుగుతాయి, వాటిని తీసిన చోట తలం పాడవుతుంది. ఇద్దరమూ కూర్చుని ఆలోచించి, పడుకోబెట్టే ప్రింటు చేద్దామని, వేన్ మొదట్లో వంపు వ్యాసార్ధాన్ని 1 నుంచి 3 మిల్లీమీటర్లకు పెంచుదామని నిర్ణయించాము. పోతలో ఈ మార్పు కావాలంటే అచ్చు మార్చాలి. ఇక్కడ ఫైలులో ఒక అంకె మారిస్తే చాలు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే. విరిగిన ముక్కకు అచ్చంగా దాని నకలే చేయాల్సిన అవసరం లేకపోయింది.

ఇక వేడి సంగతి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

అంత వేగంగా చల్లారిన లోహంలో లోపల బిగుతు మిగిలిపోతుంది. ప్లేటు నుంచి నేరుగా కోస్తే ముక్క వంకరపోతుంది. అందుకే ప్లేటుతో సహా ఫర్నేసులో పెట్టి, బిగుతు సడలించి, ఆ తర్వాతే వైర్ కట్ (కరెంటు తీగతో కోసే మెషిన్) మీద కోయాలి. ఈ క్రమాన్ని వాళ్లు తప్పకుండా పాటిస్తారు. నేను అడగకముందే చెప్పారు. వాళ్ల అలవాటు వేడి 650 డిగ్రీల సెల్సియస్. ఆ వేడికి చిన్న గదుల నిర్మాణం చాలావరకు నిలిచే ఉంటుంది, కాబట్టి బలం పెద్దగా తగ్గదు. 1,050 డిగ్రీలు దాటించి సొల్యూషన్ అనీలింగ్ చేస్తే గదుల గోడలు కరిగిపోతాయి, యీల్డ్ బాగా దిగివచ్చి ప్లేటు లోహానికి దగ్గరవుతుంది.

నేను రెండోదే అడిగాను. అంత బలాన్ని డబ్బిచ్చి మరీ ఎందుకు తీసేయించుకుంటారని వాళ్లు ఆశ్చర్యపోయారు. నా కారణాలు నావి. 425 నుంచి 815 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచితే స్టెయిన్‌లెస్ స్టీలులో రేణువుల సరిహద్దుల వెంట క్రోమియం కార్బైడ్లు ఏర్పడే ప్రమాదం ఉంది. సరిహద్దు పక్కన క్రోమియం తగ్గిపోతుంది, ఆమ్లం అక్కడినుంచే తినడం మొదలుపెడుతుంది. 316ఎల్‌లో కార్బన్ 0.03 శాతానికి మించదు కాబట్టి కొద్ది గంటలకు ఆ ప్రమాదం చిన్నదే. అయినా వేడి నైట్రిక్ ఆమ్లం రోజూ తగిలే ముక్కకు ఆ చిన్న ప్రమాదం కూడా నాకు వద్దు. పైగా బిగుతు పూర్తిగా పోవాలి. షాఫ్టు రంధ్రం, కీవే నేను కోస్తున్నప్పుడు కొలత కదలకూడదు. మూడోది మా వృత్తికి సంబంధించినది. రేపు వేన్ అంచు అరిగితే మేము టిగ్ వెల్డింగ్‌తో నింపుతాము. వెల్డు వేడి తగిలిన చోట ఆ ప్రత్యేక బలం ఎలాగూ పోతుంది. పక్కపక్కనే రెండు రకాల లోహం ఉండడం కన్నా మొదటినుంచీ ఒకే రకంగా ఉండడం మంచిది. ఐదు మెగాపాస్కల్ చోట 500 ఉన్నా, దానిలో సగమే ఉన్నా ఇంపెల్లర్‌కు తేడా తెలియదు.

వాళ్లు ఒప్పుకున్నారు. చెన్నైలోని వాక్యూమ్ ఫర్నేసుకు పంపి, వేడి చేసి, వేగంగా చల్లార్పించారు. దానికి అదనపు డబ్బు, అదనపు రోజులు. ఆ విషయం ముందే రాతపూర్వకంగా చెప్పారు.

ముక్కతోపాటు వచ్చిన కాగితం చూసినప్పుడు మాత్రం నాకు కోపం వచ్చింది. యీల్డ్ 500కు పైన అని, దిశ పేర్కొనకుండా, ముద్ర వేసి ఇచ్చారు. 1,050 డిగ్రీలు దాటిన లోహానికి ఆ అంకె రాదు. అది మెషిన్ తయారీదారు ఇచ్చే డేటా షీటులోని అంకె. వేడి చేయని, అడ్డంగా ప్రింటు చేసిన నమూనా కడ్డీది. ఎక్కడో ఎవరో లాగి చూసిన కడ్డీ అంకెను నా ముక్క పేరు కింద టైపు చేశారు. మా షాపులో పాత టర్నర్ ఆ కాగితం చదివి, "అమ్మా, ఇది వేరే బిడ్డ జాతకం" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు అవసరం లేని బలం గురించే కదా తప్పు రాశారు అనవచ్చు. కానీ గుజ్జు ఫ్యాక్టరీలోని నాణ్యత విభాగం ఆ కాగితాన్ని ఫైలులో పెడుతుంది. రేపు ఎవరో ఆ 500 అంకెను నమ్మి, ఒక బ్రాకెట్‌నో, ఎత్తే కొక్కేన్నో సన్నగా గీస్తారు. ప్రింటు చేసిన మిశ్రలోహం విషయంలో అబద్ధపు అంకె మనుషుల మీదికి రాగలదు. ప్లేటుకు రోలింగ్ మిల్లు కాగితం సరిపోతుంది. ఎందుకంటే లోహం మిల్లులోనే తయారైంది, నేను దాన్ని కోశానంతే. ఇక్కడ లోహమూ ఆకారమూ ఒకేసారి పుడుతున్నాయి. ప్రింటింగ్ చేసేవాడే ఇక్కడ మిల్లు.

ఫోను చేసి మాట్లాడాను. నా ప్లేటు మీద నమూనా కడ్డీలు కూడా ప్రింటు చేయమని ఆర్డరులోనే రాసి ఉంది. అడ్డంగా పడుకున్నవి, నిలువుగా నిలబడ్డవి. అవి చేశారు, ఇంపెల్లర్‌తోపాటే ఫర్నేసుకు వెళ్లాయి, తర్వాత ఎవరూ లాగి చూడకుండా పెట్టెలో ఉండిపోయాయి. ఆ అమ్మాయి వాదించలేదు. కడ్డీలను దగ్గరలోని ఒక ఇంజనీరింగ్ ప్రయోగశాలలో టెన్సైల్ పరీక్షకు పంపి, దిశల వారీగా, వేడి చేసిన స్థితిని పేర్కొంటూ కొత్త కాగితం ఇచ్చారు. అనీల్ చేసిన ప్రింటెడ్ 316ఎల్‌కు రావాల్సినట్టే వచ్చాయి. యీల్డ్ ప్లేటు కనీసానికి పైన హాయిగా ఉంది, నిలువు కడ్డీ అడ్డం కడ్డీ కన్నా కొద్దిగా తక్కువ, సాగుదల రెండింటిలోనూ బాగుంది. డేటా షీటు అంకెకు చాలా కింద. ఈ కాగితాన్నే నేను ఫ్యాక్టరీకి ఇచ్చాను. పొడి ప్లేటు మీద ప్రింటు చేసే 316ఎల్ కోసం ఏఎస్‌టీఎం ఎఫ్3184 అనే ప్రమాణం ఉంది. దాన్ని ఆర్డరులో పేర్కొంటే ఈ గొడవ చాలావరకు మొదట్లోనే తీరుతుంది.

విరిగిన కడ్డీ నుంచి ఒక ముక్క కోసి, పాలిష్ చేసి, పది శాతం ఆక్జాలిక్ ఆమ్లంలో కరెంటు ఇచ్చి ఎచింగ్ చేయించి మైక్రోస్కోపులో చూశాను. వేడి చేయని ముక్కలో లేజర్ మడుగులు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించాయి. ప్రింటు అయిన వెంటనే తీసి ఉంచిన చిన్న ఘనాన్ని వాళ్లు అడగ్గానే ఇచ్చారు, అది ఇందుకు పనికొచ్చింది. అనీల్ చేసిన దానిలో ఆ పొలుసులు చెదిరిపోయాయి. ఇలా స్వయంగా చూస్తే కలిగే నమ్మకం ఏ చార్టూ ఇవ్వదు. రంధ్రాలు అక్కడక్కడా ఉన్నాయి, గుండ్రంగా, చిన్నవిగా. పొరల మధ్య పడుకున్న పలుచని ఖాళీలు నేను చూసిన మేరకు లేవు. వాళ్లు చెప్పే 99.5 శాతానికి మించిన సాంద్రత మాట నిజమే కావచ్చు. అయితే ఆ శాతం సగటు లెక్క, రంధ్రం ఎక్కడుందో చెప్పదు. మిగిలిన ఆ అర శాతం మొత్తం వేన్ మొదట్లో చేరితే ఏం లాభం? అందుకే ఇంపెల్లర్‌కు వేన్ మొదళ్ల దగ్గర డై పెనెట్రెంట్ పరీక్ష (పగులులోకి ఇంకే ఎరుపు రంగుతో చేసే పరీక్ష) మేమే చేసుకున్నాము. ఎరుపు గీత ఎక్కడా రాలేదు.

పైతలం గురించి నా ఫిర్యాదు రెండోది. ప్రింటు అయిన తలం గరుకుగా ఉంటుంది. గరుకుదనపు సగటును చెప్పే ఆర్ఏ కొలతలో 8 నుంచి 15 మైక్రాన్లు మామూలే. కిందికి చూసే తలాలు ఇంకా గరుకు. పాలు, గుజ్జు లాంటివి తగిలే తలాలకు ఆహార పరిశ్రమ అడిగేది 0.8 మైక్రాన్లు లేదా అంతకన్నా నునుపు. అంటే కనీసం పది రెట్ల తేడా. గరుకు తలంలో గుజ్జు పిసరు ఇరుక్కుంటే సూక్ష్మజీవులకు ఇల్లు దొరికినట్టే. పైగా ప్రతి చిన్న లోయ ఫెటీగ్ పగులుకూ తుప్పుకూ మొదటి మెట్టు. చాలా వేగంగా గట్టిపడడం వల్ల ఈ లోహంలో మాంగనీస్ సల్ఫైడ్ మలినాలు పెద్దవిగా పెరగవు. మామూలు స్టీలులో గుంటల తుప్పు మొదలయ్యేది వాటి దగ్గరే కాబట్టి అది మంచి సంగతి. గరుకు తలాన్ని అలాగే వదిలేస్తే ఆ మంచి కాస్తా పోతుంది.

వేన్ లోపలి అంచు 45 డిగ్రీల కన్నా ఎక్కువగా వాలి ఉన్న చోట కింద సపోర్టులు పెట్టారు. వాటిని తీశాక చేతి గ్రైండరుతో రుద్దారు. రుద్దిన మనిషికి ఓపిక లేదు, ఒక వేన్ మీద గాడి పడింది. సరిగ్గా నీరు ప్రవేశించే అంచున, బుడగలు పుట్టే చోట. మేము దాన్ని చిన్న బర్‌తో సరిచేసి, బఫింగ్ చేసి, ఎలక్ట్రోపాలిషింగ్‌కు పంపి, చివర పాసివేషన్ (తుప్పు పట్టకుండా ఆమ్లంతో చేసే శుద్ధి) చేయించాము. లోహం చేయడంలో చూపిన శ్రద్ధను వాళ్లు ముగింపు పనిలో చూపలేదు. పెద్ద ఇంజనీర్లు మెషిన్ దగ్గర, కొత్త కుర్రాడు గ్రైండరు దగ్గర. ఈ ఏర్పాటు మారాలి.

మా దగ్గర జరిగిన మెషినింగ్ సాఫీగా సాగింది. వెనుక తలానికీ రంధ్రానికీ ఒక మిల్లీమీటరు అదనంగా ఉంచమన్నాను, ఉంచారు. అనీల్ చేసిన తర్వాత ఇది ప్లేటు 316ఎల్ లాగే కార్బైడ్ టూల్‌కు కొంచెం జిగురుగా తగులుతుంది. బ్యాలెన్సింగ్‌లో తీసేయాల్సిన లోహం పాత పోత ముక్కకన్నా తక్కువ.

ఇక్కడ ఒక మాట పక్కదారిలో చెప్పనివ్వండి. ఈ విద్య మనకు దూరపుది కాదు. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ కోసం ప్రింటు చేసిన పీఎస్4 ఇంజనును ఇస్రో 2024 మే 9న మహేంద్రగిరిలో 665 సెకన్లపాటు మండించి చూసింది. 14 భాగాలు ఒకే ముక్కగా మారాయి, 19 వెల్డు అతుకులు పోయాయి. పాత పద్ధతిలో ఇంజనుకు 565 కిలోల ముడి లోహం పట్టేచోట 13.7 కిలోల పొడి సరిపోయింది. అదే నెల 30న మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచే అగ్నికుల్ సంస్థ ఒకే ముక్కగా ప్రింటు చేసిన ఇంజనుతో రాకెట్‌ను ఎగరేసింది. వెల్డు పని చేసే మనిషిగా ఆ 19 అతుకుల సంగతి నన్ను కదిలించింది. ప్రతి అతుకూ ఒక అనుమానం, ఒక పరీక్ష, ఒక సంతకం. జిల్లాలో రాకెట్ ఎగిరితే ఆ విద్య గుజ్జు ఫ్యాక్టరీ పంపు దాకా రావాలని నేను కోరుకుంటాను. ఈ సేవ తిరుపతిలో ఉండడం ఆ కారణంగానే నాకు సంతోషం.

వాళ్ల దగ్గర స్టీలుకు ఒక మెషిన్, అల్యూమినియంకు వేరే మెషిన్ ఉన్నాయి. ఒకే మెషిన్‌లో మార్చి మార్చి వాడితే పొడులు కలుస్తాయి కాబట్టి ఇది తప్పక అడగాల్సిన విషయం. అల్యూమినియం మిశ్రమం ఏఎల్‌ఎస్ఐ10ఎంజీతో చేయించుకునేవాళ్లకూ నా హెచ్చరిక అదే. ప్రింటు అయిన వెంటనే అది తెగేదాకా తట్టుకునే గరిష్ఠ బలం 400 మెగాపాస్కల్ దాటుతుంది. బిగుతు సడలించడానికి 300 డిగ్రీల్లో రెండు గంటలు పెడితే చాలా పడిపోతుంది, సాగుదల పెరుగుతుంది. మీకు ఇచ్చే ముక్క రెండో స్థితిలో ఉంటే మొదటి స్థితి అంకెలు చూసి డిజైను చేయకండి. షాఫ్టుల కోసం 17-4 పీహెచ్ అనే, వేడితో గట్టిపడే స్టెయిన్‌లెస్ స్టీలు అడిగేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పొడి తయారీలో నైట్రోజన్ వాడితే ప్రింటు చేసిన లోహంలో ఆస్టెనైట్ అనే మెత్తని రూపం మిగిలిపోయి, నేరుగా ఏజింగ్ (గట్టిపరచడానికి తక్కువ వేడిలో ఉంచడం) చేస్తే అనుకున్న గట్టిదనం రాదు. ముందు సొల్యూషన్ ట్రీట్‌మెంట్ చేశారా అని అడగండి.

ధర విషయం: పోత ముక్క ధరకు దాదాపు మూడింతలు పడింది, అచ్చు ఖర్చు కలపకుండా చూస్తే. అచ్చు ఖర్చు ఒక్క ముక్క మీదే వేసుకుంటే ప్రింటింగే చవక. పది ముక్కలు కావాలంటే కోయంబత్తూరుకే వెళ్లండి. మెలి తిరిగిన ఆకారం, ఒకటీ రెండూ ముక్కలు, గడువు దగ్గరపడిన అవసరం, పాత డిజైనులో మార్చదలచిన లోపం, ఇవి ఉంటే ఇక్కడికి రండి. సాదా ఫ్లాంజ్, సాదా బుష్ ప్రింటు చేయించడం డబ్బు దండగ. మా లేత్ మీద సాయంత్రానికి అయిపోతాయి.

సీజను తర్వాత పంపు విప్పాము. వేన్ మొదళ్ల దగ్గర మళ్లీ పెనెట్రెంట్ వేశాను, గీత లేదు. ప్రవేశ అంచుల దగ్గర తలం కొద్దిగా మసకబారింది, గుంటలు మొదలుకాలేదు. గ్రైండరు గాడి పడిన వేన్ మీద ఆ మసక ఎక్కువగా ఉంది. మరో సీజనుకు అదే ఇంపెల్లర్ వేయమన్నాను.

వచ్చే ఏడాదికి అదే ఫ్యాక్టరీ ఇలాంటి పంపు మరొకటి పెడుతోంది, దాని ఇంపెల్లర్ కూడా వాళ్లకే ఇస్తున్నాను. ఈసారి ఆర్డరులో రాసినవి ఇవి: నిలువు కడ్డీలు అదే ప్లేటు మీద, అదే ఫర్నేసు విడతలో. ఫర్నేసు గ్రాఫు జత చేయాలి. డేటా షీటు అంకెలు కాగితం మీద కనిపించకూడదు. సపోర్టులు తీసిన చోట వాళ్లు గ్రైండరు తాకించకూడదు, ఆ పని మా షాపులో మా పాత టర్నర్ చేతి మీదుగా జరుగుతుంది. మొదటి మూడింటికీ ఆ అమ్మాయి వెంటనే సరే అంది. నాలుగోదానికి బిల్లులో ఎంత తగ్గిస్తారో ఇంకా చెప్పాల్సి ఉంది.